డెక్క మీద నడిచే పిట్ట

అమలాపురం,
2025 డిసెంబరు.

చిరంజీవి చిట్టితల్లికి,

మీ అత్త దీవించి రాయునది. ఉభయకుశలోపరి అని రాద్దామంటే నా ఎడమ మోకాలు ఒప్పుకోవడం లేదు. అది తప్ప ఇక్కడ అంతా క్షేమం.

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. కొబ్బరికాయల రేటు, పక్కవాళ్ళ గృహప్రవేశం అన్నీ అయ్యాక, పెట్టేసేముందు గుర్తొచ్చినట్టు, "మీ మేనకోడలు ఆదివారం పొద్దున్నే పిల్లల్ని పోగేసి బోట్ క్లబ్ చెరువు దగ్గర పిట్టల్ని చూపిస్తుందట వదినా. ఈ పిచ్చి నువ్వే ఎక్కించావా?" అంది. నేనేమీ ఎక్కించలేదన్నాను. ఫోన్ పెట్టేశాక దీపాలవేళ దాటేదాకా అరుగు మీదే కూర్చున్నాను. గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. రెంటిలో ఏది ఎక్కువో తేల్చుకోలేక రాత్రి నిద్రపట్టలేదు. వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పెడదామనుకున్నాను గానీ, నా మెసేజ్‌కి నువ్వు ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు. అందుకే ఈ కాగితాలు. తీరిగ్గా చదువు. బస్సులో చదవకు.

పన్నెండు మంది పిల్లలట కదా, ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా.

తెలిసినవి ముందు చెప్పేస్తాను. తల్లిదండ్రుల నంబర్లు రాసి పెట్టుకో. నీళ్ళ సీసా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. తెల్లచొక్కా, ఎర్రచొక్కా వద్దు, మట్టిరంగు మేలు. వీధికుక్కల్ని అదిలించొద్దను. పిట్ట కనబడగానే చెయ్యి చాచి చూపించొద్దను, ఆ చెయ్యి చూసే అది ఎగిరిపోతుంది. మంకీ క్యాప్ పెట్టుకొచ్చిన వాడిని చూసి మిగతావాళ్ళు నవ్వకూడదు. మన కాకినాడ చలికి మంకీ క్యాప్ ఏమిటని నాకూ నవ్వొస్తుంది, కానీ తల్లి పెట్టి పంపిన టోపీ అది.

టైము సంగతి కొంచెం వివరంగా రాయాలి. ఈ నెలలో మీకు ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. ధనుర్మాసపు మంచు ఉంటే ఇంకో అరగంటకి గానీ నీళ్ళ మీద రంగులు తెలియవు. అప్పటిదాకా ప్రతి పిట్టా నల్లపిట్టే. సూర్యుడు నీ వీపు వైపు ఉండాలి. అంటే పొద్దున పూట తూర్పు గట్టున నిలబడి పడమటికి చూడాలన్నమాట. ఎదురెండలో చూస్తే నీటికాకికీ బాతుకీ తేడా తెలియదు. పిల్లలు బాతు, బాతు అని అరుస్తారు, నువ్వూ కాబోలనుకుంటావు. నవ్వకు, నేను ఒక శీతాకాలమంతా బొల్లికోళ్ళని బాతుల లెక్కలో రాశాను. నల్లటి ఒళ్ళు, నుదుట తెల్లటి నామం, కోడిముక్కు, అన్నీ కనబడుతూనే ఉన్నాయి. నాకు బాతులు కావాలి, అందుకని అవి బాతులయ్యాయి. ఆ నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు చూపిస్తాను.

బాతులంటే గుర్తొచ్చింది. మొదటి రోజే పిల్లలకి సైబీరియా బాతులు చూపిస్తానని మాటివ్వకు. సూదితోక బాతులూ గరిటెముక్కు బాతులూ చలికాలానికి అంత దూరం నుంచి మన డెల్టాకి వచ్చే మాట నిజమే. కానీ వాటికి లోతు తక్కువ నీళ్ళు కావాలి, మేత కావాలి, గోల ఉండకూడదు. మీ చెరువు చుట్టూ పొద్దున్నే వాకింగ్ వాళ్ళు, వాళ్ళ జేబుల్లో సుప్రభాతాలు. అక్కడ బాతు దిగిందంటే మీ అదృష్టం. దిగకపోతే మాత్రం పిల్లలు రెండో వారం రారు.

వాళ్ళకి పచ్చిక మీద కాటుకపిట్టని చూపించు. తోక కిందికీ పైకీ ఆడిస్తూ, నీళ్ళు పెట్టిన చోట పురుగుల కోసం పరిగెడుతుంటుంది. వాకింగ్ వాళ్ళ కాళ్ళ మధ్యలోనే ఉంటుంది, ఎవరూ చూడరు. హిమాలయాల్లోనూ వాటికి ఉత్తరాన ఉన్న దేశాల్లోనూ గూడు కట్టుకునే పిట్ట అది. వేసవి వచ్చేలోగా మళ్ళీ వెళ్ళిపోతుంది. సైబీరియా మాట ఇక్కడ చెప్పు, కళ్ళెదుట పిట్ట ఉంది కాబట్టి నమ్ముతారు. రాతికట్టు అంచున వెనకభాగం ఊపుకుంటూ ఒంటరిగా తిరిగేది ఉల్లంకి జాతి చిన్నపిట్ట, అదీ వలస వచ్చిందే. తుప్ప చివర కళ్ళకి నల్లగుడ్డ కట్టుకున్న దొంగలా కూర్చునేది ష్రైక్ అనే గోధుమరంగు పిట్ట. సాయంత్రం పూట కరెంటు తీగల మీద వరసగా వాలేవి వానకోవెలలు. ఒక్కోటి 20 గ్రాములుంటుందేమో. ఆ బరువుతో కొండలు దాటి వచ్చిందంటే మీ తొమ్మిదో తరగతి వాళ్ళు కూడా నోరు తెరుస్తారు.

వలస పిట్టలే గొప్పవి, మన పిట్టలు లోకువ అనుకోనివ్వకు. బుడబుంగ ఉందనుకో, పందెం కట్టించు. అది మునిగిన చోట చూడకూడదు, ఎక్కడ తేలుతుందో వేలితో కాకుండా మాటతో చెప్పాలి. మెట్ల వైపా, కొబ్బరిచెట్టు వైపా? పదిహేను అంకెలు లెక్కపెట్టేలోగా ఎవరూ అనుకోని చోట బుడుంగుమని లేస్తుంది. అల్లరి పిల్లలు కూడా ఊపిరి బిగబట్టి ఉంటారు ఆ పదిహేను అంకెలూ. గుంపుని అదుపులో పెట్టడానికి అంతకంటే మంచి ఉపాయం ఈ ముప్ఫై ఏళ్ళ పంతులమ్మకి తెలియదు.

తరవాత నీటికాకి. గుంజ మీద రెక్కలు రెండూ బార్లా చాపి నిలబడి ఉంటుంది. ఎందుకని అడిగితే చలికాచుకుంటోంది అంటారు. బాతు ఈకల మీద నీళ్ళు తామరాకు మీద జారినట్టు జారిపోతాయి. నీటికాకి రెక్కలు అలా కావు, తడుస్తాయి. తడిస్తే బరువెక్కుతుంది, బరువెక్కితే చేప వెనకాల మునగడం తేలిక. పని అయ్యాక మాత్రం రేవులో బట్టలు ఆరేసుకున్నట్టు రెక్కలు ఆరేసుకోవాలి. దగ్గర నుంచి చూస్తే రెక్క చివర్ల నుంచి చుక్కలు రాలడం కనిపిస్తుంది. నేను ఒకసారి లెక్కపెట్టడం మొదలుపెట్టి నూటపాతిక దగ్గర మానేశాను. పనీపాటా లేని రోజులు.

లకుముకి పిట్టలు మూడు రకాలు కనబడొచ్చు. గాల్లో ఒకేచోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడి, రాయి పడ్డట్టు నీళ్ళలోకి పడేది నలుపూ తెలుపుది. గరుడపక్షి తలమీంచి వెళ్తే మా అమ్మలా చెంపలు వేసుకోవద్దు, పిల్లలు వేసుకుంటే వద్దనకు. తీతువు కూస్తే ఎవరో పోతారని ఏ పిల్లాడైనా అంటాడు. దాని గుడ్లు నేల మీదే ఉంటాయి, మనిషి దగ్గరికొస్తే తరమడానికి అరుస్తుంది, అంతే అని చెప్పు. నేనైతే ఇప్పటికీ అర్ధరాత్రి అది కూస్తే లేచి మంచినీళ్ళు తాగి పడుకుంటాను. అది పిల్లలకి చెప్పనక్కర్లేదు.

నెల రోజులు మానకుండా వచ్చిన వాళ్ళని సముద్రపొడ్డున కుంభాభిషేకం అనే చోటికి తీసుకెళ్ళు. సముద్రం ఆటుకి వెనక్కి తగ్గినప్పుడు బయటపడే బురద మీద ఉల్లంకులు వందల్లో దిగుతాయి, హార్బర్ వైపు గోధుమరంగు తలల గల్ పక్షులు ఉంటాయి. ఆ ఉల్లంకుల్లో లిటిల్ స్టింట్ అని పిచ్చుకంత పిట్ట ఉంటుంది చూడు, ఆర్కిటిక్ తీరాల్లో గుడ్లు పెట్టి ఇక్కడికి వస్తుంది. కోరింగ అడవి సరేసరి, 1978లో అభయారణ్యం చేశారు, మడచెట్ల మధ్య చెక్కబాట ఉంది, దాని మీంచే చూడొచ్చు. గూడబాతులు, అదే పెలికన్లు, కావాలంటే కైకలూరు దగ్గర ఆటపాక. ఏటా జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచీ జరుగుతోంది, మీ లెక్కలు కూడా అందులో చేరేలా చూడు. కానీ చిట్టీ, కుంభాభిషేకంలో బురద మీద ఒక్కళ్ళని కూడా అడుగు పెట్టనివ్వకు. పైకి గట్టిగా, మెరుస్తూ కనిపిస్తుంది. ఒండ్రు అది. మోకాలిదాకా పట్టుకుంటే చెప్పు కాదు, కాలే రాదు. ఈ మాట రెండుసార్లు చదువు.

ఇంక బైనాక్యులర్ సంగతి. దీనికోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, ఇంతసేపూ దీని చుట్టూనే తిరిగాను.

8 ఇంటూ 42 అని రాసి ఉన్నది కొను. 8 అంటే అన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పది, పన్నెండు రెట్లవి కొనమని షాపువాడు అంటాడు, పిల్లల చేతుల్లో అవి వణుకుతాయి. పన్నెండు మందికి మూడు చాలు. ముందు మామూలు కళ్ళతో పిట్టని పట్టుకుని, చూపు తిప్పకుండా అద్దాలు కళ్ళ దగ్గరికి తెచ్చుకోవాలి. సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పకూడదు.

ఇప్పుడు చెప్పేది మీ నాన్న నీకు చెప్పి ఉండడు.

1981 సంక్రాంతి. నేను కాకినాడలో బీఎస్సీ ఆఖరి సంవత్సరం. మా లెక్చరర్ గారిని పది రోజులు బతిమాలితే సెలవులకి ఆయన సొంత బైనాక్యులర్ ఇచ్చారు. ఇత్తడి బిందెంత బరువుంది. "దీనికేమైనా అయితే నా మొహం చూపించకు" అన్నారు నవ్వుతూనే. నాకు అది నవ్వులా వినపడలేదు. రాజోలు దగ్గర మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళాం. మీ నాన్నకి అప్పుడు తొమ్మిదేళ్ళు. కనుమ నాడు పొద్దున ఇంట్లో అందరూ గారెల పిండి రుబ్బుళ్ళలో ఉంటే వాడిని వెంటేసుకుని ఊరి చెరువుకి వెళ్ళాను.

చెరువులో మూడొంతులు గుర్రపుడెక్క. ఎక్కడో దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క, అనువుగా ఉంటే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. దూరం నుంచి చూస్తే వరిచేను అనుకుంటావు, మధ్య మధ్య ఊదారంగు పువ్వులు కూడా. దాని మీద జకానా అనే నీటిపిట్ట ఒకటి తిరుగుతోంది. ఒంటితో పోలిస్తే ఇంతింత కాలివేళ్ళు దానికి. ఆ వేళ్ళు చాపి బరువంతా పరిచేసుకుని, ఆకు మీంచి ఆకు మీదికి అమ్మాయి పట్టుపరికిణీ ఎత్తుకుని నడిచినట్టు నడుస్తోంది. నేను మీ నాన్నకి చూపించి, "చూడరా, నీళ్ళ మీద నడుస్తోంది. ఎలా నడుస్తోందో చెప్పుకో" అన్నాను. అప్పటికే పంతులమ్మనయిపోయాను మరి. చెప్పేలోగా నాకు ఆగలేదు, అద్దాలు కళ్ళకి పెట్టుకున్నాను.

అది ముక్కుతో ఆకుని తిరగేసి కిందనున్న పురుగుని ఏరుకుంటోంది. ఆ ఆకు అడుగున అంటుకున్న చిన్న నత్త కూడా నాకు కనిపించింది. అంత బాగా కనిపించింది. పక్కన మీ నాన్న, "అక్కా, ఇక్కడ నేలుంది" అన్నాడు. నేను "ఊఁ" అన్నాను.

డెక్కలో పడితే నీళ్ళు చప్పుడు చెయ్యవు. తడిగోనె జారవిడిచినట్టు ఒక మెత్తటి శబ్దం, అంతే. పిట్ట ఎగిరింది. ఎందుకెగిరిందా అని చూశాను. వినపడుతోందా, నేను ముందు దాని వైపే చూశాను, అది ఎటు వాలుతుందో అని. తరవాత అద్దాలు దించితే పక్కన మీ నాన్న లేడు. గట్టుకి రెండు బారల దూరంలో ఆకుల మధ్య తల, రెండు చేతులు ఉన్నాయి. పిట్టని మోసిన ఆకు తనని మోయదా అనుకున్నాడు పాపం. రెండడుగులు మోసింది కూడా.

నేను మోకాళ్ళ లోతుకి దిగి వంగాను. చెయ్యి చాచాను. వేళ్ళకి వేళ్ళు తగిలాయి, పట్టు దొరకలేదు. వాడు ఏడవడం లేదు, నన్నే చూస్తున్నాడు. అవతలి గట్టున గేదెలు కడుగుతున్న ఒకాయన గెడ పట్టుకుని పరిగెత్తుకొచ్చి, దాన్ని డెక్క మీద పడుకోబెట్టి వాడి చంకల దాకా తోశాడు. "తన్నుకోకు బాబూ, తన్నుకుంటే పీచు చుట్టుకుంటది. పట్టుకుని ఊరుకో" అన్నాడు. ఊరుకున్నాడు. ఈడ్చుకొచ్చాడు. కాళ్ళ నిండా నల్లటి పీచువేళ్ళు, ఒక చెప్పు లేదు.

ఆయన నన్ను తిట్టలేదు. నా ఎడమచేతి వైపు చూసి, "ముందు అది కింద పెట్టాల్సింది కదమ్మా" అన్నాడు. అప్పుడు చూసుకున్నాను. కుడిచెయ్యి తమ్ముడికి చాచి, ఎడమచేత్తో బైనాక్యులర్‌ని తడవకుండా తలమీద దాకా ఎత్తి పట్టుకుని ఉన్నాను. రెండు చేతులూ చాచి ఉంటే అందేవాడు. అంతసేపూ ఆ చెయ్యి కిందికి దిగలేదు.

ఇంటికెళ్తే అమ్మమ్మ తడిబట్టలు చూసి ఏమిటర్రా అంది. మేమేమీ అనకముందే తనే, "కనుమ నాడు కాకైనా మునుగుతుందంటారు, మంచి పనే చేశారు" అని నవ్వేసింది. మేమూ నవ్వాం. అంతే, ఆ మాట అక్కడితో పూడ్చేశాం. ఇప్పటికీ కనుమ నాడు ఆ సామెత ఎవరైనా అంటే మీ నాన్న లేచి కాఫీకని వంటింట్లోకి వెళ్ళిపోతాడు. నువ్వు చూసే ఉంటావు. సెలవులయ్యాక బైనాక్యులర్ తిరిగి ఇచ్చేస్తే లెక్చరర్ గారు అటూ ఇటూ తిప్పి చూసి, "చుక్క తడి తగలకుండా తెచ్చావే" అని మెచ్చుకున్నారు. ఇంతవరకూ నన్ను అంతగా కొట్టిన మెప్పు లేదు.

ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. వలస పక్షుల పాఠం వచ్చిన ప్రతిసారీ నల్లబల్ల మీద బొమ్మ వేశాను. బడికి ఫర్లాంగు దూరంలో చెరువుంది. ఒక్కసారి కూడా పిల్లల్ని తీసుకెళ్ళలేదు. తోటి టీచర్లు నాకు ఎండ పడదనుకునేవారు. పిట్టల్ని చూడటం మానలేదు, ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని. మీ అమ్మ చెప్పగానే నాకు నిద్ర ఎందుకు పట్టలేదో ఇప్పుడు తెలిసిందా?

కాబట్టి ఇవి చెయ్యి. ఇందులో బేరాల్లేవు.

నీ మెడలో బైనాక్యులర్ ఉన్నంతసేపు పిల్లల బాధ్యత నీది కాదు, ఎందుకంటే నువ్వు చూడలేవు. అద్దాలు పెట్టుకున్న మనిషికి అవతలి గట్టున కొంగ కన్ను కనబడుతుంది, తన కాళ్ళ దగ్గరున్న పిల్లాడు కనబడడు. అందుకని అద్దాలు లేని పెద్దమనిషి ఒకరు ఎప్పుడూ ఉండాలి. ఆ మనిషి నీళ్ళకీ పిల్లలకీ మధ్య నిలబడాలి, నీళ్ళ వైపు వీపు పెట్టి. ఎంత మంచి పిట్ట వచ్చినా వెనక్కి తిరక్కూడదు. పావుగంటకోసారి తలలు లెక్కపెట్టు, పైకి వినపడేలా. డెక్క గానీ కలువాకులు గానీ ఉన్న మూలకి అసలు వెళ్ళొద్దు, అక్కడ పిట్టలు ఎక్కువుంటాయని నాకూ తెలుసు. మెట్ల మీద కింది రెండు మెట్లూ పాచి పట్టి ఉంటాయి, పైమెట్టు మీదే ఆగాలి. ఎవరైనా పడితే దూకొద్దు. తాడో, గెడో, చున్నీయో అందించు. మెడలోది ముందు తీసి నేలకేసి కొట్టు. పగిలితే నేను కొనిస్తాను.

కోప్పడుతున్నానని అనుకోకు. కోప్పడుతున్నాను.

ఇంకో కోపం కూడా ఉంది, అది తీర్చేసుకుంటాను. రీల్స్ తీస్తావని మీ అమ్మ అంది. తీసుకో. కానీ పిట్టల గుంపు లేస్తే వీడియో బాగుంటుందని ఒక్క చప్పట కూడా కొట్టించకు. చలికాలమంతా అవి తినేది తిరుగు ప్రయాణానికి దాచుకునే కొవ్వు. ఊరికే లేపితే దాచుకున్నది ఖర్చయిపోతుంది. ఫోన్లో కూత పెట్టి పిట్టని పిలవడం కూడా వద్దు, వేరే పిట్ట తన చోటుకి వచ్చిందనుకుని తిండి మానేసి వెతుక్కుంటుంది. బ్రెడ్డు ముక్కలు, మరమరాలు నీళ్ళలో వెయ్యనివ్వకు. పేర్లు చెప్పే ఆ మెర్లిన్ యాప్ నా ఫోన్లోనూ ఉంది, బాగానే ఉంది, కానీ మొన్న మా కుక్కర్ విజిల్‌ని ఏదో పిట్ట అంది. పిల్లలు ముందు పిట్టని చూసి ముక్కు ఎలా ఉంది, కాళ్ళు ఏ రంగు, తోక ఏం చేస్తోంది అని నోట్‌బుక్‌లో రాయాలి. పేరు తరవాత. చేపలకి వల వేసే వాళ్ళు ఎవరైనా కనిపిస్తే పిట్టల్ని వాళ్ళు పిలిచే పేర్లు కూడా అడిగి రాయించు. మనం గ్రే హెరాన్ అనేదాన్ని వాళ్ళు నారాయణ పక్షి అంటారు. ఒంటికాలి మీద అది చేసే జపం చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో పిల్లలకి నువ్వు చెప్పక్కర్లేదు.

ఇక ఆ అద్దాలు లేని మనిషి ఎవరంటావా? మీ నాన్న.

రానంటున్నాడని మీ అమ్మ చెప్పింది. రోజూ పొద్దున అదే చెరువు చుట్టూ నాలుగు రౌండ్లు తిరుగుతాడుగా. ఎప్పుడైనా వెనకాలే వెళ్ళి చూడు, నీళ్ళ వైపు నడవడు, రోడ్డు వైపు అంచునే నడుస్తాడు. "పిట్టల్ని చూద్దువు గాని రా నాన్నా" అని పిలవకు, రాడు. "పిల్లల్ని కాయడానికి మనిషి తక్కువయ్యాడు" అను. చెప్పులేసుకుని నీకంటే ముందు గేటు దగ్గరుంటాడు. పన్నెండు మందిలో ఒక్కడు అరడుగు ముందుకి జరిగినా వాడికి తెలిసిపోతుంది. నీళ్ళ వైపు వీపు పెట్టి నిలబడమంటే వాడికి పెద్ద కష్టమేమీ ఉండదు, ఇన్నేళ్ళూ నిలబడింది అలాగే.

ఈ ఉత్తరం వాడికి చూపించాలో వద్దో నీ ఇష్టం. నా ఎడమచెయ్యి వాడు చూశాడో లేదో నేను ఈ రోజుదాకా అడగలేదు. ఆకుల మధ్యలోంచి నన్నే చూస్తున్నాడని చెప్పానుగా, చూసే ఉంటాడు. ప్రతి రాఖీకి నా దగ్గరికి వస్తాడు, నా కుడిచేతికి డబ్బులు ఇస్తాడు, ఏమీ అనడు.

ఆర్టీసీ కార్గోలో ఒక అట్టపెట్టె వేయించాను, రేపు సాయంత్రానికి మీకు అందుతుంది. అడుగున స్టీలు డబ్బాలో సున్నుండలు, మీ నాన్నకి షుగరని తెలుసు గనక లెక్కపెట్టి పదహారు మాత్రమే. మధ్యలో నా బొల్లికోళ్ళ నోట్‌బుక్, సంక్రాంతిదాకా ఎందుకులే అని పెట్టేశాను. పైన పది గజాల నైలాన్ తాడు, చివర ముడి నేనే వేశాను, పిల్లాడి చెయ్యి దూరేంత. అది విప్పకు. మీ నాన్నకి ఇవ్వు, భుజాన వేసుకుంటాడు.

ఇట్లు,
మీ అత్త